స్క్రమ్ అంటే ఏమిటి? - మన పిల్లల పని పద్ధతి గురించి నాలుగు మాటలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషములు ఇచ్చారు. విషయం "స్క్రమ్". ఈ మాట మనలో చాలామంది ఇళ్ళలో రోజూ వినబడుతున్నదే. హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో సంక్రాంతికి వచ్చిన అబ్బాయి "స్క్రమ్ కాల్ ఉంది నాన్నా, పదిహేను నిమిషాలు" అని గది తలుపు వేసుకుంటాడు. అమెరికాలో ఉన్న అమ్మాయి "రేపటితో స్ప్రింట్ అయిపోతుంది, ఎల్లుండి తీరిగ్గా మాట్లాడతాను" అంటుంది. సంబంధం చూడవచ్చినవారు "అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని అడిగితే "స్క్రమ్ మాస్టరండీ" అని చెప్పి, రెండో ప్రశ్న పడకుండా కాఫీలు తెప్పిస్తాము. మాస్టరంటున్నారు, మరి బడి ఏదీ అని వారూ అడగరు, మనమూ చెప్పము.

నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కాను. ఇరిగేషన్ శాఖలో, డివిజన్ ఆఫీసులలో లెక్కల పని చేసి రిటైరైనవాణ్ణి. ఆ తరువాత ఒక సాఫ్ట్‌వేరు సంస్థవారు పనుల బిల్లులకు ప్రోగ్రాము తయారుచేస్తూ, ఎం.బుక్కు ఎలా వ్రాస్తారో, బిల్లు ఎలా కడతారో చెప్పే మనిషి కావాలంటే వెళ్ళి నాలుగేళ్ళు వారితో ఉన్నాను. ఆ గదిలో కంప్యూటర్ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. అయినా వారి పద్ధతిలో నాకొక కుర్చీ ఉన్నది. ఆ కుర్చీకి ఒక పని ఉన్నది. స్క్రమ్‌లోని అసలు విశేషం అదేనని నా అభిప్రాయం. అదే మీకు మనవి చేస్తాను.

ముందు ఒక్క వాక్యంలో చెబుతాను. స్క్రమ్ అంటే, చివరకు ఎలా ఉండాలో ముందుగా పూర్తిగా తెలియని పనిని చిన్న చిన్న గడువులలో కొంత కొంతగా పూర్తిచేస్తూ, ప్రతి గడువు చివర ఆ పనిని వాడుకునేవారికి చూపించి, వారి మాట విని, తరువాత ఏం చేయాలో నిర్ణయించుకునే పద్ధతి. మిగిలినదంతా ఈ వాక్యానికి వివరణే.

"ముందుగా తెలియకుండా పనేమిటండీ?" అని మీరు అడగవచ్చు. సహజమే. మనమంతా ఎస్టిమేటు, శాంక్షను, టెండరు, అగ్రిమెంటు, కొలతలు, బిల్లు అనే వరుసలో పెరిగినవాళ్ళం. ఆ వరుస తప్పు కాదు. మన ధవళేశ్వరమే చూడండి. కాటన్ దొరగారి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982 నాటికి పూర్తిచేసిన బ్యారేజీకి నాలుగు భాగాలలో కలిపి 175 గేట్లు. ధవళేశ్వరంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. ఈ లెక్క ముందే తేలాలి. పునాది వేసి, పియర్లు కట్టిన తరువాత "ఇక్కడ ఇంకో నాలుగు గేట్లుంటే బాగుండు" అంటే కుదరదు. రాయి, ఇనుము, ఏరు - వీటితో పనిచేసేటప్పుడు ముందు ఆలోచన అంతా కాగితం మీదే జరగాలి.

అయితే అదే బ్యారేజీ దిగువన మనం ఇంకొక పద్ధతి కూడా చేశాము. దాళ్వాలో గోదావరి నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదిలేవాళ్ళం. ఫలానా కాలువకు ఏ రోజు ఎంత నీరు అవసరమో సంక్రాంతి నాడే ఏప్రిల్ దాకా లెక్కకట్టి తాళం వేయగలమా? ఎండ ఎంత కాస్తుందో, నదిలో ప్రవాహం ఎంత ఉంటుందో, పై రైతు ఎన్ని తూములు తెరుస్తాడో ఎవరికి తెలుసు? అందుకని లస్కరు రోజూ లాకుల దగ్గర గేజి చూసేవాడు, కబురు పంపేవాడు. దానినిబట్టి తలుపు ఎత్తడమో దించడమో చేసేవారు. వంతు తిరిగేసరికి ఎక్కడ ఎండిందో చూసి, తరువాతి వంతు సరిచేసేవారు. ప్రణాళిక లేదని కాదు. ప్రణాళికను రోజూ నీటితో సరిచూసుకున్నాము.

సాఫ్ట్‌వేరు పని బ్యారేజీ కంటే వంతులకే దగ్గర. కారణం, వాడుకునేవాడికి తనకేం కావాలో తెర మీద చూసేదాకా పూర్తిగా తెలియదు. చూసిన తరువాత మాత్రం చక్కగా తెలుస్తుంది. పైగా ప్రోగ్రామును సగంలో మార్చడం, గోడ పడగొట్టి కట్టినంత కష్టం కాదు, తొందరగా కనిపెడితే. ఆలస్యంగా కనిపెడితే అదీ గోడే.

ఆలస్యమైతే ఏమవుతుందో ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఎఫ్.బి.ఐ. అని నేరపరిశోధన సంస్థ ఉన్నది. కేసు ఫైళ్ళను కాగితాల నుంచి కంప్యూటర్లకు మార్చాలని వారు తలపెట్టిన మొదటి ప్రాజెక్టును సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయిన తరువాత 2005లో వదిలేయవలసివచ్చింది. 2006లో "సెంటినెల్" పేరిట రెండవది మొదలుపెట్టారు. బడ్జెట్టు 45 కోట్ల డాలర్లు. పని నాలుగు దశలు. 2010 నాటికి 40 కోట్లు దాటి ఖర్చయినా అందినవి రెండు దశలే. అప్పుడు పని బయటి కంట్రాక్టరు చేతిలోంచి తీసుకుని, చిన్న బృందంతో, రెండేసి వారాల గడువులతో, ప్రతి గడువు చివర పనిచేసే భాగాన్ని చూపిస్తూ స్క్రమ్ పద్ధతిలో నడిపారు. 2012 జూలైలో అది వాడుకలోకి వచ్చింది. అనుకున్న తేదీకి రాలేదు, ఆలస్యమైంది. ఆ సంగతీ చెప్పాలి. కాని వచ్చింది, బడ్జెట్టులోనే వచ్చింది.

ఇక ఈ పేరు ఎక్కడిదంటారా? రగ్బీ ఆట నుంచి. ఆ ఆటలో రెండు పక్షాల వాళ్ళూ ఎనిమిదేసిమంది భుజం భుజం బిగించి, తలలు వంచి, ఒక్క ఒత్తుగా తోస్తారు. దానిని స్క్రమ్ అంటారు. మన కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టడానికి అందరూ చేయీ చేయీ పట్టుకుని కదలడం మీకు తెలుసు. ఒకడు చేయి వదిలితే పట్టు పోతుంది. 1986లో తకెయుచి, నొనాక అనే ఇద్దరు జపాను ఆచార్యులు, కొత్త వస్తువులను త్వరగా తయారుచేసిన హోండా, కానన్ వంటి కంపెనీలను పరిశీలించి ఒక వ్యాసం వ్రాశారు. ఒక శాఖ తన పని ముగించి ఇంకొక శాఖకు అందించే రిలే పందెం పద్ధతి కంటే, అందరూ కలిసి బంతిని ముందుకు తీసుకుపోయే రగ్బీ పద్ధతి మేలని అందులో అన్నారు. మన భాషలో చెప్పాలంటే, ఫైలు ఒక సీటు నుంచి ఇంకొక సీటుకు నడవడం కాక, సీట్లన్నీ ఒక బల్ల చుట్టూ చేరడం. ఆ మాటను తీసుకుని 1993లో జెఫ్ సదర్లాండ్ అనే ఆయన సాఫ్ట్‌వేరు పనిలో పెట్టారు. 1995లో ఆయన, కెన్ ష్వేబర్ కలిసి ఒక సదస్సులో దీనిని వివరించారు. వారిద్దరే వ్రాసిన నియమావళి 2010లో వచ్చింది. 2020 నవంబరులో సవరించారు. మొత్తం పదమూడు, పధ్నాలుగు పేజీలు. మన కోడ్ పుస్తకాలు మోసిన చేతులకు అది ఒక సర్క్యులరు కిందే లెక్క.

ఆ నియమావళిలో ఏముందో వేళ్ళ మీద చెబుతాను. ముగ్గురు, ఐదు, మూడు - ఇంతే గుర్తుపెట్టుకోండి.

ముగ్గురు అంటే మూడు బాధ్యతలు. మొదటిది ప్రొడక్ట్ ఓనర్. ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది తేల్చేది ఈయన. ఇది ఒక్క మనిషి కావాలి, కమిటీ కాకూడదు అని స్పష్టంగా వ్రాశారు. పదిమంది పది మాటలు చెప్పవచ్చు. వరుస నిర్ణయించేది మాత్రం ఒకరే. రెండవది డెవలపర్లు. పని చేసేవారు వీరు. ఈ గడువులో ఎంత పని తీసుకోగలం, దానిని ఎలా చేయాలి అన్నది వీరే చెబుతారు, పైవారు కాదు. మూడవది మన అమ్మాయిల, అబ్బాయిల ఉద్యోగం, స్క్రమ్ మాస్టర్. ఈ మాస్టరు పై అధికారి కాదు, మేస్త్రీ కాదు, హాజరుపట్టీ పట్టుకునేవాడూ కాదు. పద్ధతి సరిగా నడిచేటట్లు చూడడం, పనికి అడ్డం వచ్చినవాటిని తొలగించడం ఇతని పని. కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే నీరు ఆగిపోతుంది కదా. ఆ గుర్రపుడెక్క తీయించే మనిషి అనుకోండి. ముగ్గురూ కలిపి బృందం సాధారణంగా పదిమందికి మించదు.

ఐదు అంటే ఐదు ఘట్టాలు. మొదటిది, తక్కిన నాలుగింటినీ తనలో పెట్టుకున్నది, స్ప్రింట్. నెల మించని గడువు ఇది; చాలాచోట్ల రెండు వారాలు. మొదటి రోజున కూర్చుని ఈ గడువులో ఏం చేద్దామో అనుకోవడం రెండవది, స్ప్రింట్ ప్లానింగ్. ప్రతి రోజూ పదిహేను నిమిషాలు కలవడం మూడవది, డెయిలీ స్క్రమ్. మన పిల్లలు తలుపు వేసుకునేది దీనికే. గడువు చివర, పూర్తయినదానిని వాడుకునేవారికి చూపించి వారి మాట వినడం నాలుగవది, స్ప్రింట్ రివ్యూ. ఆ తరువాత తలుపులు వేసుకుని, పని గురించి కాక మనం పనిచేసిన తీరు గురించి మాట్లాడుకోవడం ఐదవది, రెట్రోస్పెక్టివ్. వచ్చే గడువులో ఏది మార్చుకుంటే బాగుంటుందో అక్కడ తేల్చుకుంటారు. మన సర్వీసులో ఆడిట్ ఉన్నది, తనిఖీ ఉన్నది, సంజాయిషీ ఉన్నది. రెండు వారాలకొకసారి ఎవరినీ వేలెత్తి చూపకుండా "ఇంకా బాగా ఎలా చేద్దాం" అని కూర్చోవడం మాత్రం నేను అక్కడే చూశాను.

చివరి మూడు కాగితాల వంటివి. చేయవలసిన పనులన్నీ ముఖ్యమైనది పైన ఉండేటట్లు వ్రాసిన జాబితా ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్. అందులోంచి ఈ గడువుకు తీసుకున్నది స్ప్రింట్ బ్యాక్‌లాగ్. పూర్తయి, వాడుకోవడానికి తయారైన భాగం ఇంక్రిమెంట్. కంగారు పడకండి, ఇది మన వార్షిక ఇంక్రిమెంటు కాదు. అయితే "పూర్తయింది" అంటే ఏమిటో ముందే వ్రాసిపెట్టుకోవాలని నియమం. ఇది మన శాఖవారికి బాగా అర్థమవుతుంది. "కాలువకు నీరు వదిలాము" అంటే పని పూర్తయినట్టా? "శివారు చేలో నీరు పడింది" అంటే పూర్తయినట్టా? మనకు తెలుసు. శివారు రైతు చేను తడిస్తేనే పూర్తి. ఆ మాట ముందే ఒప్పుకుంటే తరువాత తగాదా లేదు.

ఇప్పుడు నా కుర్చీ సంగతి. మా బిల్లుల ప్రోగ్రాములో రెండవ గడువు ముగిసింది. రివ్యూలో పిల్లలు తెర మీద బిల్లు చూపించారు. చూడ ముచ్చటగా ఉన్నది. ఒక పనికి మూడు బిల్లులు వేసి చూపమన్నాను. మూడవ బిల్లులో ఆ నెల కొలతలు మాత్రమే వచ్చాయి. మన రన్నింగ్ ఎకౌంట్ బిల్లులో పని మొదలైనప్పటి నుంచి అయిన మొత్తం చూపి, అందులోంచి ఇంతకుముందు చెల్లించినది తీసివేసి, మిగిలినది ఇస్తాము కదా. ఆ పిల్లలెవరూ కంట్రాక్టరు బిల్లు కళ్ళచూసినవారు కారు. కిరాణాకొట్టు బిల్లు లాగా ఏ నెలది ఆ నెలకే అనుకున్నారు. తెలివితక్కువ కాదు, వారికి చెప్పినవారు లేరు. ఒక అమ్మాయి అడిగింది: "సార్, మరి మొదటి బిల్లులో కొలత తప్పు పడితే మూడో బిల్లులో దిద్దుకోవచ్చన్నమాట?" అవునమ్మా, అందుకే అలా పెట్టారు అన్నాను. తరువాతి గడువులో సరిచేశారు. రెండు వారాల పని. అదే ఏడాది తరువాత, రిపోర్టులన్నీ దాని మీద కట్టిన తరువాత బయటపడి ఉంటే మొత్తం విప్పవలసివచ్చేది. నాకు కంప్యూటర్ రాకపోవడం అక్కడ లోటు కాలేదు. నాకు బిల్లు వచ్చును, అది చాలింది.

స్క్రమ్ గురించి బయట ఉన్న రెండు అపోహలు కూడా చెప్పాలి. ఒకటి, ఇది పనిని పరుగెత్తించే యంత్రమని. స్ప్రింట్ అనే మాటకు పరుగు అని అర్థం ఉండడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నియమావళి ప్రకారం ఎంత పని తీసుకోవాలో చేసేవారే చెప్పాలి. పైవారు నింపి పంపేది కాదు. రెండవది, రోజూ జరిగే ఆ పదిహేను నిమిషాలు హాజరు తీసుకోవడానికని. అదీ కాదు. నిన్న ఎంతవరకు వచ్చింది, ఈ రోజు ఏం చేద్దాం, ఎక్కడ ఆగింది అని పనిచేసేవారు తమలో తాము చెప్పుకోవడానికి. లస్కరు గేజి చదివినట్టన్నమాట. గేజి తగ్గిందని లస్కరును తిడితే, మర్నాటి నుంచి గేజి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, కాగితం మీద. చేలు ఎండుతాయి.

పేరు స్క్రమ్ అయినా ఇలా తిరగబడి నడిచే చోట్లున్నాయి. అక్కడ పిల్లలు నలుగుతున్నారు. గడువు మీద గడువు, మధ్య ఊపిరి లేదు. అమెరికా వేళలకు రాత్రి పదింటికి కాల్, మళ్ళీ పొద్దున్నే కాల్. అందుచేత పెద్దలకు నా మనవి. పిల్లవాడు ఫోనులో విసుక్కుంటే "ఇంతింత జీతాలు, కూర్చుని చేసే పని, ఏం కష్టంరా?" అనకండి. "ఈ గడువుకు ఎంత పని అన్నది నువ్వే చెప్పావా, వాళ్ళే చెప్పారా? ఆగినచోట ఆగిందని చెప్పగలుగుతున్నావా?" అని అడిగి చూడండి. ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి మీ బిడ్డ ఎలాంటి చోట పనిచేస్తున్నాడో మీకు తెలిసిపోతుంది. అమ్మా నాన్నలకు తన పని అర్థమైందన్న సంగతి వాడికీ తెలుస్తుంది. అది చిన్న విషయం కాదు.

ఇక మనకు సంబంధించిన మాట. మన సభ్యుల రిజిష్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందున్నది. అన్ని వివరాలతో, ఏడాదిలో, ఒకే మొత్తానికి చేసి ఇస్తామని ఒకరు కొటేషను ఇచ్చారు. నా సూచన ఏమిటంటే, ఏడాది ఆగవద్దు. మొదటి రెండు వారాలలో ఒక్క పని చేయించుదాం. ప్రతి సభ్యునికి పి.పి.ఓ. నంబరు, జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ - ఇవి పి.పి.ఓ.లో ఒకలాగా, ఆధార్‌లో ఒకలాగా, బ్యాంకు పుస్తకంలో ఒకలాగా ఉన్నాయేమో చూపించే జాబితా. అంతే. ఎందుకు ఇదే ముందు? ఆయన పోయిన తరువాత ఆమె కుటుంబ పెన్షన్ కోసం వెళ్ళినప్పుడు, ఒక చోట "సత్యవతి", ఇంకొక చోట "వెంకట సత్యవతి" అని ఉంటే ఎన్ని నెలలు తిరగవలసివస్తుందో ఇక్కడ కూర్చున్న సోదరీమణులలో కొందరికి నేను చెప్పనక్కరలేదు. ఆయన ఉండగా దిద్దుకోవడం ఒక అర్జీతో పోయేది. ఆయన పోయాక అదే పెద్ద వ్యవహారం.

రెండు వారాలు కాగానే ఆ జాబితాను ఈ హాలులోనే పదిమందికి చూపించుదాం. ఆ పదిమందిలో కార్యవర్గం వారి కంటే, కళ్ళద్దాలు లేనిదే చదవలేనివారు, ఫోను మాట్లాడడానికే తప్ప వాడనివారు, కుటుంబ పెన్షన్ తీసుకుంటున్న అక్కయ్యగార్లు ఎక్కువమంది ఉండాలి. వారే మన శివారు రైతులు. అక్షరాలు చిన్నవైతే వారు చెబుతారు. తెలుగులో లేకపోతే చెబుతారు. వేలిముద్ర అరిగిపోయి మిషను తీసుకోవడం లేదంటే అదీ చెబుతారు. చెప్పినదానిని బట్టి తరువాతి రెండు వారాలు. నచ్చితే ముందుకు, నచ్చకపోతే అక్కడికి ఆపుదాం. పోయేది రెండు వారాల ఖర్చే. ఏ పని ముందో తేల్చే బాధ్యత ఒక్కరికే అప్పగించుదాం. ఎవరికన్నది సభ నిర్ణయం.

మిత్రులారా, కంప్యూటరు మనకు తెలియదు కాబట్టి మనం మాట్లాడకూడదని ఎక్కడా లేదు. ముప్పై, ముప్పై అయిదేళ్ళు మనం చేసిన పని మనకు తెలుసు. పెన్షనరు కష్టం మనకు తెలుసు. తయారుచేసేవారు పిల్లలైతే, చూసి చెప్పవలసినది మనం. రివ్యూకు పిలిచినప్పుడు "మాకేం తెలుస్తుందిలే బాబూ" అని తప్పుకోకుండా ముందు వరుసలో కూర్చోవాలని కోరుతున్నాను.